మంత్రిగారి సంతకం, మంత్రివర్గ నిర్ణయం, జీ.ఓ. - ఈ మూడూ ఒకటి కావు



మొన్న ఉగాదికి జరిగిన మా సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన లేచి నిలబడి అడిగారు. "మంత్రిగారు మన అర్జీ మీద సంతకం పెట్టారు కదండీ, మరి తెలుగు పంతులు ఎందుకు రాలేదు?" అప్పుడు సూటిగా జవాబు చెప్పలేకపోయాం. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మంత్రివర్గం అంటే ఏమిటో, అది ఎలా పుట్టిందో, ఎలా పనిచేస్తుందో చెప్పాలి. మన సంఘాలన్నిటికీ పనికొస్తుందని ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు మా సంగతి. మాది తమిళనాడు సరిహద్దు ఊరు. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్నాం. ఊళ్లో ఒక పాఠశాలలో తెలుగు చదువుకునే పిల్లలు అప్పట్లో నలభై ఆరుగురు. పాత పంతులుగారు రిటైరయ్యాక ఆయన పోస్టును మిగులు కింద చూపి వేరే చోటికి మళ్లించారు. మేము ఐదుగురం పూలదండ, శాలువా పట్టుకుని ఒక మంత్రిగారిని కలిశాం. ఆయన మర్యాదగా మాట్లాడి, అర్జీ మూలన "తగు చర్య తీసుకోగలరు" అని రాసి సంతకం పెట్టారు. మేము దానికి జిరాక్సులు తీసి పంచాం, మిఠాయిలు పంచాం, వార్షిక నివేదికలో కూడా అచ్చు వేశాం. ఆరు నెలలకు శాఖలు మారాయి. ఆ మంత్రిగారికి వేరే శాఖ వచ్చింది. ఫైలు ఆర్థిక శాఖ సమ్మతి లేదన్న చీటీతో వెనక్కి వచ్చింది. ఆ చీటీ వచ్చినట్టు మాకు తెలిసేసరికి రెండేళ్లు గడిచాయి.

మా కార్యవర్గంలో ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగిరీ చేసిన వాళ్లం ఉన్నాం. ఈ వ్యాసం రాస్తున్నదీ ఆ చెయ్యే. నోటు ఫైలు అంటే ఏమిటో తెలిసి కూడా సంతకం చూసి మురిసిపోయాం. ఆ తప్పు మాదే. మిగతా సంఘాలకు ఆ తప్పు జరగకూడదనే ఈ ప్రయత్నం.

రాజుగారి లోపలి గది

మంత్రులు మన దేశానికి కొత్త కాదు. రాయలవారికి తిమ్మరుసు ఉన్నాడు. శివాజీ మహారాజుకు అష్ట ప్రధానులు ఉన్నారు. గోల్కొండ తానాషాకు మాదన్న ఉన్నాడు. కానీ ఆ మంత్రులంతా రాజు ఒక్కడికే జవాబుదారులు. రాజు దయ ఉన్నంతకాలం పదవి, అది పోతే ప్రాణానికే ముప్పు. అక్కన్న మాదన్నల గతి ఏమైందో మనలో తెలియని వాళ్లు లేరు.

ఇంగ్లండులోనూ మొదట ఇదే పద్ధతి. రాజుకు ప్రీవీ కౌన్సిల్ అనే పెద్ద సలహా సభ ఉండేది. అంతమందితో రహస్యాలు మాట్లాడలేక రాజులు నలుగురైదుగురు నమ్మకస్తులను లోపలి గదిలోకి పిలిచి మాట్లాడేవారు. ఆ చిన్న గదికి ఉన్న పేరే కేబినెట్. గది పేరే అందులో కూర్చున్న వాళ్లకు వచ్చింది. రెండో ఛార్లెస్ కాలంలో ఈ పద్ధతి బాగా ముదిరింది. రాజును చాటుగా ఆడిస్తున్నారని జనం ఆ గదిని అసహ్యించుకునేవారు కూడా.

1714లో జర్మనీ ప్రాంతం నుంచి వచ్చిన మొదటి జార్జ్ రాజయ్యాడు. కొన్నాళ్లకు ఆయన మంత్రుల సమావేశాలకు రావడం మానేశాడు. రాజు లేని గదిలో ఎవరో ఒకరు పెద్దగా కూర్చోవాలి గదా! ఆ స్థానం 1721 నుంచి రాబర్ట్ వాల్పోల్‌కు దక్కింది. ఆయన్నే మొదటి ప్రధానమంత్రి అంటారు. అయితే ఆ పేరు అప్పటికి ఏ చట్టంలోనూ లేదు.

అసలు మలుపు 1742లో వచ్చింది. కామన్స్ సభలో తన మాట చెల్లడం లేదని తెలిసి వాల్పోల్ దిగిపోయాడు. రాజు అప్పటికీ ఆయన పక్షమే. అయినా సభ మద్దతు లేకుండా నడవదని తేలిపోయింది. 1782లో అమెరికా యుద్ధం చేజారాక లార్డ్ నార్త్ కూడా సభ విశ్వాసం పోయే దశలో రాజీనామా చేశాడు, ఆయనతో పాటు దాదాపు మంత్రులంతా దిగారు. నూరేళ్ల ముందయితే మంత్రిని దించాలంటే అభిశంసన పెట్టి, తల కూడా తీసేవారు. 1641లో స్ట్రాఫోర్డ్‌కు అదే జరిగింది. తల తీయకుండా పదవి మాత్రమే తీసే పద్ధతి రావడమే మంత్రివర్గ చరిత్రలో పెద్ద మెట్టు అని మా అభిప్రాయం.

ఇంకొక్క ముచ్చట. 1916 దాకా బ్రిటిష్ కేబినెట్‌కు పద్ధతిగా రాసిన మినిట్స్ లేవు. ఏం నిర్ణయించారో మంత్రులే గుర్తుపెట్టుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధం నడుమ లాయిడ్ జార్జ్ ప్రధాని కాగానే కేబినెట్ సచివాలయం పెట్టి, మారిస్ హాంకీని కార్యదర్శిగా కూర్చోబెట్టారు. అప్పటి నుంచే ఎజెండా, మినిట్స్, ఎవరు ఏం చేయాలన్న కాగితం. కార్యదర్శి లేని సంఘం ఎలా ఉంటుందో మన వాళ్లకు చెప్పక్కర్లేదు.

మద్రాసులో మొదటి మంత్రులు, మనవాళ్లు

మన దేశంలో తెల్లదొరల కాలంలో గవర్నర్ జనరల్‌కు కార్యనిర్వాహక మండలి ఉండేది. లార్డ్ కానింగ్ కాలంలో ఒక్కో సభ్యుడికి ఒక్కో శాఖ అప్పజెప్పే పద్ధతి మొదలై, 1861 చట్టంతో కుదురుకుంది. అందులో భారతీయుడికి చోటు దొరికింది 1909లో. సత్యేంద్ర ప్రసన్న సిన్హా న్యాయ సభ్యుడయ్యారు. కానీ ఆ మండలి ప్రజలకు జవాబుదారీ కాదు.

1919 చట్టంతో రాష్ట్రాల్లో ద్వంద్వ ప్రభుత్వం వచ్చింది. పోలీసు, రెవెన్యూ, ఆర్థికం గవర్నరు గుప్పిట్లోనే ఉంచుకుని, విద్య, వైద్యం, స్థానిక పాలన వంటివి ఎన్నికైన మంత్రులకు ఇచ్చారు. ఖర్చు పెట్టాల్సిన శాఖలు ఒకరివి, డబ్బు సంచి ఇంకొకరిది. మద్రాసు రాజధానిలో 1920 డిసెంబరులో మొదటి మంత్రివర్గం ఏర్పడింది. ఎ. సుబ్బరాయలు రెడ్డియార్ ముఖ్యమంత్రి, పానగల్ రాజా రామరాయనింగారు, కూర్మా వెంకటరెడ్డి నాయుడు తోటి మంత్రులు. అంటే మద్రాసు తొలి మంత్రివర్గంలో తెలుగువారికి పెద్దపీటే. 1921లో రెడ్డియార్ ఆరోగ్యం బాగాలేక తప్పుకున్నాక పానగల్ రాజా 1926 దాకా ముఖ్యమంత్రిగా ఉన్నారు. మన దేవాలయాల పాలనకు సంబంధించిన హిందూ దేవాదాయ చట్టం ఆయన హయాంలోనే వచ్చింది. చెన్నై టి.నగర్‌లో పానగల్ పార్కు పక్కన పట్టుచీరలు కొనే మన ఆడపడుచుల్లో ఆయన తెలుగువాడని ఎంతమందికి తెలుసో!

1935 చట్టంతో ద్వంద్వం పోయింది. 1937లో రాజాజీ మంత్రివర్గంలో టంగుటూరి ప్రకాశం పంతులుగారు రెవెన్యూ, వి.వి.గిరిగారు కార్మిక శాఖ చూశారు. గిరిగారు పుట్టింది నేటి ఒడిశాలోని బరంపురంలో. ఆ ఒడిశా 1936 ఏప్రిల్ 1న వేరు రాష్ట్రమైతే, మరుసటి ఏడాది మొదటి మంత్రివర్గానికి నాయకుడు పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి. పర్లాకిమిడి మన తెలుగువాళ్లు ఇప్పటికీ ఈ ముచ్చట చెప్పుకుంటారు.

ఉమ్మడి బాధ్యత అంటే ఏమిటో ప్రకాశంగారి జీవితమే చెబుతుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే ఆయన తొలి ముఖ్యమంత్రి. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవలో అవిశ్వాస తీర్మానం వచ్చి, ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఒక మంత్రి మీద కోపమైనా, ఒక విధానం మీద కోపమైనా, సభ కాదంటే మొత్తం మంత్రివర్గం దిగాల్సిందే.

రాజ్యాంగం ఏమంటుంది

కేంద్రంలో 74, 75 అధికరణాలు, రాష్ట్రాల్లో 163, 164 అధికరణాలు మంత్రిమండలి గురించి చెబుతాయి. రాష్ట్రపతికి, గవర్నరుకు సలహా ఇచ్చేది మంత్రిమండలి. అది లోక్‌సభకు, శాసనసభకు ఉమ్మడిగా బాధ్యత వహిస్తుంది. సభ్యుడు కాని వ్యక్తి మంత్రి అయితే ఆరు నెలల్లోగా సభ్యుడు కావాలి. ఒడిశా వంటి కొన్ని రాష్ట్రాల్లో గిరిజన సంక్షేమానికి ఒక మంత్రి ఉండి తీరాలని రాజ్యాంగమే చెప్పింది.

మంత్రిమండలి, కేబినెట్ ఒకటి కాదు. మంత్రిమండలిలో కేబినెట్ మంత్రులు, సహాయ మంత్రులు అందరూ ఉంటారు. కేబినెట్ అంటే వాళ్లలో ముఖ్యులు కూర్చునే చిన్న సభ. విచిత్రం ఏమిటంటే, 1950 నాటి మన రాజ్యాంగంలో కేబినెట్ అన్న మాటే లేదు. అది ఎలా చేరిందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది.

1975 జూన్ 25 రాత్రి ప్రధాని ఇందిరాగాంధీ సలహా మీద రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం పెట్టారు. కేబినెట్‌ను పిలిచింది మరునాడు పొద్దున్నే. మంత్రులకు అప్పుడే తెలిసింది. అయిపోయిన పనికి తలూపి వచ్చారు. అవసరమైతే ప్రధాని నియమాలను పక్కనబెట్టి, తరువాత ఆమోదం తీసుకోవచ్చనే వెసులుబాటు పనివిధాన నియమాల్లో ఉంది. దాన్నే వాడారు. ఆ దెబ్బ తిన్నాక 1978లో 44వ సవరణ తెచ్చారు. అత్యవసర పరిస్థితి పెట్టాలంటే కేంద్ర కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా రాష్ట్రపతికి అందాలని 352 అధికరణంలో రాశారు. అలా కేబినెట్ అన్న మాట రాజ్యాంగంలోకి వచ్చింది. పదిమంది కూర్చుని మాట్లాడుకోవడం లాంఛనం కాదు, అది దేశానికి కాపలా అని అప్పుడు తెలిసింది.

ఇష్టం వచ్చినంత మందిని మంత్రుల్ని చేసే అలవాటుకు 2003లో 91వ సవరణ కళ్లెం వేసింది. ముఖ్యమంత్రితో కలిపి శాసనసభ సభ్యుల సంఖ్యలో 15 శాతం మించకూడదు, రాష్ట్రంలో 12 మందికి తగ్గకూడదు. ఆ లెక్కన 234 స్థానాల తమిళనాడులో 35 మంది, 288 ఉన్న మహారాష్ట్రలో 43, 147 ఉన్న ఒడిశాలో 22 దాకా ఉండవచ్చు.

యానాం సంగతి కాస్త వేరు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం గనుక 1963 చట్టం కింద మంత్రిమండలి నడుస్తుంది. లెఫ్టినెంట్ గవర్నరుకు, మంత్రులకు పొసగకపోతే విషయం రాష్ట్రపతి దాకా, అంటే కేంద్రం దాకా పోతుంది. అందుకే అక్కడి మిత్రులు ఒక్కోసారి మంత్రివర్గం ఒప్పుకున్న పని కూడా ఆగిందని వాపోతుంటారు.

ఒక మాట మీద ఉండటం

కేబినెట్ గదిలో ఎంతైనా వాదించవచ్చు. బయటకు వచ్చాక అందరిదీ ఒకే మాట. నచ్చకపోతే రాజీనామా చేయాలి. 1956లో బొంబాయి నగరాన్ని కేంద్రం కింద ఉంచాలన్న నిర్ణయం నచ్చక, కేబినెట్‌లో సరిగా చర్చించలేదని కూడా ఆక్షేపించి, ఆర్థిక మంత్రి సి.డి.దేశ్‌ముఖ్ పదవి వదిలేశారు. ఆయన మన దుర్గాబాయమ్మ గారి భర్త. భాషా రాష్ట్రాల గొడవలో అలా నిలబడ్డ మంత్రులు తక్కువ.

మనకు ఇందులో ఒక పాఠం ఉంది. మన భాష మీద అభిమానం ఉన్న మంత్రి కూడా మంత్రివర్గం నిర్ణయానికి ఎదురుగా సభలో మనకోసం మాట్లాడలేరు. కాబట్టి ఆయన్ను కలవాల్సింది నిర్ణయం అయ్యాక కాదు, కాకముందు.

కాగితం నడిచే దారి

ప్రతి పనీ కేబినెట్‌కు వెళ్లదు. ఏది ఎవరు తేల్చాలో రాజ్యాంగం 77, 166 అధికరణాల కింద చేసిన పనివిధాన నియమాలు చెబుతాయి. ఖాళీ పోస్టు నింపడం శాఖ చేతిలో పని. కొత్త పోస్టు మంజూరు కావాలంటే ఆర్థిక శాఖ సమ్మతి కావాలి. కొత్త చట్టం, కొత్త విధానం అయితే కేబినెట్‌కు వెళ్లాలి. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం మన పిల్లల చదువు మీద ఎంత ప్రభావం చూపిందో మనకు తెలుసు. అలాంటిది మార్చాలంటే ఒక మంత్రి సంతకం చాలదు.

కేబినెట్‌కు వెళ్లే విషయానికి ముందు శాఖ ఒక నోటు తయారు చేస్తుంది. న్యాయ శాఖ, ఆర్థిక శాఖ, సంబంధం ఉన్న మిగతా శాఖలు అభిప్రాయం రాస్తాయి. శాఖ మంత్రి, ఆపైన ముఖ్యమంత్రి ఒప్పుకున్నాక ఎజెండాలో చేరుతుంది. సమావేశంలో సాధారణంగా చేతులెత్తి ఓట్లు వేయరు. చర్చ విని ముఖ్యమంత్రి సారాంశం చెబుతారు, అదే నిర్ణయం. మినిట్స్ శాఖకు వస్తాయి. శాఖ గవర్నరు పేరిట ఉత్తర్వు ఇస్తుంది. దాన్నే మనం జీ.ఓ. అంటాం. జీ.ఓ. కిందికి దిగి, పాఠశాల దాకా వస్తేనే పని అయినట్టు.

సంతకానికి, ఉత్తర్వుకు తేడా ఏమిటో సుప్రీంకోర్టు 1962లోనే తేల్చింది. బచ్చిత్తర్ సింగ్ అనే రెవెన్యూ ఉద్యోగిని పెప్సూ రాష్ట్రంలో కొలువు నుంచి తీసేశారు. రెవెన్యూ మంత్రి ఫైలు మీద, తీసేయవద్దు, కింది కొలువుకు పంపితే చాలు అని రాశారు. ఆ మాట ఉత్తర్వుగా బయటికి రాలేదు. ఇంతలో 1956లో పెప్సూ పంజాబులో కలిసిపోయింది. కొత్త ముఖ్యమంత్రి, తీసివేత సరైనదేనన్నారు. బచ్చిత్తర్ సింగ్ మంత్రిగారి రాత చూపించి కోర్టుకు ఎక్కాడు. ఫైలు మీద రాసింది ప్రభుత్వ ఉత్తర్వు కాదని, గవర్నరు పేరిట వెలువడి సంబంధిత వ్యక్తికి తెలియజేసే వరకు దాన్ని మార్చవచ్చని కోర్టు చెప్పింది.

ఈ సంగతి చదివినప్పుడు మా అర్జీ మూలన ఉన్న "తగు చర్య" గుర్తొచ్చి మాకు నోట మాట రాలేదు. మంత్రిగారు మమ్మల్ని మోసం చేయలేదు. ఆయన చేయగలిగింది అంతవరకే. ఆ తరువాత ఫైలు వెంట నడవాల్సింది మేము.

మన సంఘాలు చేయదగిన పనులు

మొదటిది, అర్జీ ఏ గడపకు పోవాలో ముందే తేల్చుకోవాలి. ఖాళీ పోస్టా, కొత్త పోస్టా, విధానమా అని అర్జీలో మొదటి వాక్యంలోనే రాయాలి. మంత్రిగారికి ఇచ్చిన కాపీనే శాఖ కార్యదర్శికీ, జిల్లా విద్యాధికారికీ ఇచ్చి తపాల్ నంబరు తీసుకోవాలి. ఆ నంబరు ముందు శాలువా లెక్కలోకి రాదు.

రెండోది, అభిమానం కాదు, ఆధారం చూపాలి. 1956లో 7వ సవరణతో వచ్చిన 350ఎ అధికరణం ప్రకారం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలి. 1949లో విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న కొలత, పాఠశాల మొత్తం మీద 40 మంది లేదా ఒక తరగతిలో 10 మంది. పిల్లల పేర్లు, తరగతులు, తల్లిదండ్రుల సంతకాలతో జాబితా జతచేయాలి. 350బి కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు ఉన్నారు. ఆయనకూ ఒక ప్రతి పంపాలి.

మూడోది, కాలం చూసుకోవాలి. డబ్బుతో పని ఉన్నవి బడ్జెట్ అంచనాలు తయారయ్యే నెలల్లోనే శాఖకు చేరాలి. బడ్జెట్ అయ్యాక వెళ్తే వచ్చే ఏడు చూద్దాం అంటారు.

నాలుగోది, సమాచార హక్కు. 2005 చట్టంలో 8వ సెక్షను ప్రకారం కేబినెట్ కాగితాలు నిర్ణయం కాకముందు బయటపెట్టనక్కర్లేదు. కానీ నిర్ణయం అయి, పని ముగిశాక నిర్ణయం, దానికి కారణాలు, ఆధారంగా చూసిన కాగితాలు ఆ సెక్షనులోని మిగతా మినహాయింపులకు లోబడి బయటపెట్టాలి. ఇక మామూలు శాఖ ఫైలు ఏ బల్ల మీద ఉందో ఎప్పుడైనా అడగవచ్చు. మేము ఆ చిన్న దరఖాస్తు రెండేళ్ల ముందే పెట్టి ఉంటే, ఆర్థిక శాఖ చీటీ గురించి అప్పుడే తెలిసేది.

ఐదోది, శాఖలు మారితే మళ్లీ మొదటి నుంచి వెళ్లాలి. కొత్త మంత్రికి పాత మంత్రి మాట తెలియదు. పాత కాగితాల నకళ్లన్నీ వరసగా కుట్టి తీసుకెళ్లాలి.

ఇక మా ఊరి సంగతి

మేము ఇప్పుడు తపాల్ నంబరుతో, పిల్లల జాబితాతో మళ్లీ అర్జీ పెట్టాం. ప్రస్తుతానికి పక్క ఊరి నుంచి ఒక పంతులమ్మ వారానికి రెండు రోజులు వచ్చి చెబుతున్నారు. పూర్తి పోస్టు ఫైలు ఇంకా నడుస్తోంది. అయితే ఈ రెండేళ్లలో పంతులు లేక పిల్లలు వేరే బడులకు వెళ్లిపోయారు. నలభై ఆరుగురు ఉన్న చోట ఇప్పుడు ముప్పై ఒక్కరే. అప్పుడు కొలతకు సరిపోయిన మేము, ఇప్పుడు తొమ్మిది మందికి తక్కువయ్యాం. ఏ తరగతిలోనూ పది మంది లేరు. సంతకం చూసి మురిసిపోయిన దానికి మేము కట్టిన వెల అది.

ఆ రోజు లేచి అడిగిన పెద్దాయనకు ఇదే మా జవాబు. మంత్రిగారి సంతకంతో అర్జీ ఆఫీసులోకి వెళ్లింది, అంతే. దాన్ని బయటికి ఉత్తర్వుగా తెచ్చే పని మాది, మేము చేయలేదు.

మా ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉన్న తెలుగు కుటుంబాల వారికి ఒక విన్నపం. జూన్‌లో బడులు తెరిచేలోగా మీ ఇంటి పిల్లల పేర్లు సంఘం ఆఫీసులో రాయించండి. ఇంకో తొమ్మిది పేర్లు చేరితే చాలు, ఫైలు వెంట మేము నడుస్తాం.